చీటీలో పేరొచ్చిన నూటయాభై మంది

ప్రజాస్వామ్యం నడిచిన దారులు: 14వ భాగం

2018 నవంబర్ 17, శనివారం. ఫ్రాన్స్‌లో తెల్లవారేసరికి ఊళ్ల బయట రోడ్లు కలిసేచోట, రౌండబౌట్ల మీద జనం పోగవడం మొదలైంది. అందరి ఒంటి మీదా మెరిసే పసుపు చొక్కా. ఆ దేశంలో ప్రతి కారులోనూ అలాంటి చొక్కా ఒకటి ఉండాలని 2008 నుంచి నిబంధన ఉంది. దారిలో బండి ఆగిపోతే అది తొడుక్కున్నాకే కిందికి దిగాలి. అందువల్ల ఈ ఉద్యమానికి జెండా కుట్టించాల్సిన పని లేకపోయింది. బండిలో పడి ఉన్న చొక్కా తీసి తొడుక్కున్నవాళ్లంతా ఉద్యమకారులే. హోం శాఖ లెక్క ప్రకారమే మొదటిరోజు 2,80,000 మందికి పైగా రోడ్డెక్కారు. వాళ్ల వెనక పార్టీ లేదు, యూనియన్ లేదు. లారీ డ్రైవర్లు, ఆస్పత్రుల్లో ఆయాలు, చిన్న దుకాణదారులు, పింఛనుదారులు, ఒంటరిగా పిల్లల్ని పెంచుకుంటున్న తల్లులు. పాత చెక్కముక్కలతో చలిమంటలు వేసుకుని, టార్పాలిన్లు కప్పిన గుడిసెలు లేపుకుని, చాలాచోట్ల వారాల తరబడి అక్కడే ఉండిపోయారు.

వాళ్లను రోడ్డు మీదికి లాగింది భూతాపాన్ని తగ్గించడానికి వేసిన పన్ను. ఈ ధారావాహికలో ఇంతవరకు ఓటుహక్కు కోసం, రాజ్యాంగాల కోసం జరిగిన పోరాటాలు చెప్పుకున్నాం. ఈసారి కథ మన కళ్లముందు జరిగినదే. భూమి వేడెక్కడాన్ని ఆపాలంటే ముందు పరిపాలన పద్ధతి మారాలా అన్న ప్రశ్న ఒక పెద్ద దేశాన్ని నిలదీసిన కథ.

ఫ్రాన్స్ 2014లో కర్బన పన్ను తెచ్చింది. మొదట టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు 7 యూరోలు. 2018 నాటికి అది 44.60 యూరోలైంది. 2022కల్లా 86.20 చేస్తామని ముందే చట్టంలో రాసి పెట్టుకున్నారు. పొగ ఖరీదైపోతే జనమే దాన్ని తగ్గించుకుంటారన్నది ఆర్థికవేత్తలు ఎంతో కాలంగా చెబుతున్న మాట. కాగితం మీద ఆ వాదనలో తప్పేమీ లేదు. 2019 జనవరి 1 నుంచి లీటరు డీజిల్ మీద మరో ఆరున్నర సెంట్లు, పెట్రోలు మీద దాదాపు మూడు సెంట్లు పెరగాలి.

ఆ పెంపు ఎవరి నెత్తిన పడుతుందో చూడండి. డీజిల్ చవగ్గా దొరికేలా పన్నులు తగ్గించి, డీజిల్ కార్లు కొనమని దశాబ్దాలపాటు ప్రోత్సహించింది ఆ ప్రభుత్వాలే. నగరాల్లో అద్దెలు భరించలేక జనం ఊరి అంచులకు, అక్కణ్ణించి ఇంకా దూరానికి జరిగారు. వాళ్లున్న చిన్న ఊళ్లలో రైళ్లు తగ్గిపోయాయి, పోస్టాఫీసులు మూతపడ్డాయి, ప్రసూతి వార్డులు పక్క పట్నానికి వెళ్లిపోయాయి. ఏ పనికైనా కారు తీయక తప్పదు. మరోపక్క విమానాల ఇంధనం మీద ఈ పన్ను లేదు. అదే 2018 జనవరిలో సంపద పన్నును ఎత్తేసి, స్థిరాస్తికి మాత్రమే వర్తించే చిన్న పన్నును దాని స్థానంలో పెట్టారు. పర్యావరణం పేరిట వసూలైన డబ్బులో అధికభాగం సాధారణ ఖజానాలోకే పోతోందని కూడా బయటపడింది. వాళ్లు లోకం అంతమైపోతుందని దిగులుపడుతుంటే మేం నెలాఖరు గురించి దిగులుపడుతున్నాం అన్న మాట ఆ చలికాలంలో దేశమంతా మార్మోగింది. అందులో అన్యాయమేమీ నాకు కనబడదు. భూమి గురించి పట్టించుకోని జనం అని అప్పట్లో కొందరు విశ్లేషకులు వాళ్ల మీద వేసిన ముద్రే అన్యాయం.

ఉద్యమానికి నాంది పలికిన అర్జీ చదివితే ఈ సంగతి తెలుస్తుంది. పారిస్ శివార్లలో సేంద్రియ సౌందర్య సామగ్రి అమ్ముకునే ప్రిసిలియా లుడోస్కీ 2018 మే నెలలో ఇంటర్నెట్‌లో దాన్ని పెట్టారు. ఇంధనం ధరలో ఎంత భాగం పన్నో లెక్కగట్టి, తగ్గించమని అడిగారు. కొన్ని నెలలు ఎవరూ పట్టించుకోలేదు. శరదృతువులో ఒక్కసారిగా లక్షల సంతకాలు వచ్చిపడ్డాయి. రౌండబౌట్ల దగ్గర చలిమంటల చుట్టూ జరిగిన చర్చల్లో డీజిల్ ధర కాస్తా పక్కకు జరిగి మరో కోరిక ముందుకొచ్చింది. పౌరులే తగినన్ని సంతకాలు సేకరించి, చట్టం తేవాలన్నా, ఉన్న చట్టాన్ని రద్దు చేయాలన్నా ప్రజాభిప్రాయ సేకరణ కోరే హక్కు కావాలన్నారు. పన్ను మీద మొదలైన కోపం నిర్ణయాలు ఎవరు చేయాలన్న ప్రశ్న దగ్గరికి చేరడానికి కొన్ని వారాలు కూడా పట్టలేదు.

శనివారం తర్వాత శనివారం ఊరేగింపులు సాగాయి. డిసెంబర్ 1న పారిస్‌లో విజయ తోరణం లోపలే విధ్వంసం జరిగింది. పోలీసుల రబ్బరు తూటాలకు, గ్రెనేడ్లకు కొందరు కన్ను పోగొట్టుకున్నారు, కొందరి చేతులు తెగిపోయాయి. ప్రధాని ఎడ్వార్ ఫిలిప్ డిసెంబర్ 4న పన్ను పెంపును ఆరు నెలలు వాయిదా వేశారు. మర్నాడే అధ్యక్ష భవనం 2019కి దాన్ని పూర్తిగా రద్దు చేసింది. 2022కల్లా 86 యూరోలకు చేరాల్సిన పన్ను 44.60 దగ్గరే ఆగిపోయింది. ఎంతో శ్రమపడి కట్టిన వాతావరణ విధానం జనం సమ్మతి లేనందువల్ల మూడు వారాల్లో కూలిపోయింది.

అధ్యక్షుడు ఇమ్మాన్యుయేల్ మక్రాన్ అప్పుడు రెండు పనులు చేశారు. మొదటిది 2019 జనవరి నుంచి మార్చి దాకా నడిచిన జాతీయ మహాచర్చ. దాదాపు పదివేల సభలు జరిగాయి. వేలాది పురపాలక కార్యాలయాల్లో జనం తమ బాధలు రాసుకోవడానికి నోటు పుస్తకాలు పెట్టారు. ఫ్రెంచివాళ్లకు ఆ పుస్తకాలు కొత్త కాదు. 1789లో పదహారో లూయీ ప్రతినిధుల సభను పిలిచినప్పుడు కూడా ఊరూరా ఇలాగే ఫిర్యాదుల చిట్టాలు రాయించారు. ఉప్పు పన్ను మొదలుకుని జమీందారు పావురాలు పొలం మీద పడి గింజలు తినేయడం దాకా వాటిలో ఉన్నాయి. ఆ ఏడాదే విప్లవం వచ్చింది. 2019లో నిండిన పుస్తకాలు జిల్లా అభిలేఖాగారాల అల్మరాల్లోకి చేరాయి. అందరూ చదివేలా వాటిని వెలికితీయాలని పార్లమెంటు దిగువ సభ ఏకగ్రీవంగా తీర్మానించింది 2025 మార్చిలో, అంటే ఆరేళ్ల తర్వాత. జనం చేత రాయించడం ఎంత సులువో, రాసింది చదవడం ప్రభుత్వాలకు ఎంత కష్టమో దీన్నిబట్టే తెలుస్తుంది.

రెండో పని మరింత కొత్తది. లుడోస్కీ, సినిమా దర్శకుడు సిరిల్ దియోన్, నటి మారియన్ కొతియార్ తదితరులు ఒక బృందంగా ఏర్పడి, చీటీలు తీసి ఎంపిక చేసిన పౌరులతో సభ పెట్టమని ప్రభుత్వం దగ్గర పట్టుబట్టారు. 2019 ఏప్రిల్ 25న మక్రాన్ ఒప్పుకున్నారు. 150 మంది సామాన్యులతో వాతావరణ సభ ఏర్పాటు చేస్తామన్నారు. వాళ్ల ప్రతిపాదనలను ఎలాంటి వడపోతా లేకుండా పార్లమెంటుకో, ప్రజాభిప్రాయ సేకరణకో పంపుతామని, లేదా నేరుగా అమలు చేస్తామని దేశం ముందు మాటిచ్చారు.

చీటీలతో పాలకులను ఎంచుకోవడం పాత పద్ధతే. ఏథెన్స్‌లో ఐదువందల మంది మండలిని అలాగే ఎంచుకునేవారు. మన పక్కనే, కాంచీపురం దగ్గరి ఉత్తరమేరూరులో పదో శతాబ్దపు చోళ శాసనాలు గ్రామసభ ఎన్నికను పూసగుచ్చినట్టు వర్ణిస్తాయి. తాటాకుల మీద పేర్లు రాసి, కుండలో వేసి, చిన్న పిల్లవాడి చేత తీయించేవారు. గొప్ప ఏర్పాటే. కానీ ఆ తాటాకు మీద పేరు ఎక్కాలంటే సొంత భూమి, సొంత ఇల్లు, వేదవిద్య ఉండాలి. ఏథెన్స్ కుండలో స్త్రీలు లేరు, బానిసలు లేరు. చీటీ తీసే చెయ్యి ఎంత నిష్పక్షపాతమైనదైనా, లోపల ఎవరి పేర్లు వేశారన్నదే అసలు సంగతి.

ఈ ప్రశ్నకు తెలుగునేల మీద ఒకసారి గట్టి జవాబు దొరికింది. దాన్ని ఇక్కడ చెప్పకుండా ముందుకు పోలేను. 2001 జూన్ నెలాఖరులో, అప్పటి మెదక్ జిల్లాలోని అల్గోలు గ్రామంలో ‘ప్రజాతీర్పు’ పేరుతో ఒక పౌర న్యాయసభ జరిగింది. జ్యూరీలో 19 మంది. ఎక్కువమంది చిన్న, సన్నకారు రైతులు. వాళ్లలోనూ ఎక్కువమంది ఆడవాళ్లు, దళితులు. ఏ కుండలోనూ పేరు పడనివాళ్లనే వెతికి కూర్చోబెట్టారన్నమాట. సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి ఆధ్వర్యంలోని బృందం ఆ విచారణ న్యాయంగా సాగుతోందా లేదా అని పర్యవేక్షించింది. 2020 నాటికి రాష్ట్రంలో వ్యవసాయం ఎలా ఉండాలి? మూడు దారులను వీడియోలుగా తీసి చూపించారు. ఒకటి ప్రభుత్వ విజన్ 2020 పత్రం చెప్పిన యంత్రాల, కాంట్రాక్టు సేద్యాల దారి. రెండోది ఎగుమతుల కోసం సేంద్రియ సాగు. మూడోది ఊరు తన తిండి తానే పండించుకునే దారి. శాస్త్రవేత్తలను, అధికారులను, కంపెనీల ప్రతినిధులను సాక్షులుగా పిలిపించి ఆ రైతులు రోజుల తరబడి ప్రశ్నలడిగారు. వ్యవసాయం మీద బతికేవాళ్లు నూటికి డెబ్బై నుంచి నలభైకి తగ్గాలని పత్రం అంటోంది సరే, మిగతా ముప్పై మంది ఎక్కడికి పోవాలి? ఆ ప్రశ్నకు సంతృప్తికరమైన జవాబు రాలేదు. నేల బాగుండాలి, పంటలు రకరకాలుగా ఉండాలి, చెట్టూ గొడ్డూ పొలంలో భాగం కావాలి, విత్తనం మా చేతిలో ఉండాలి అని వాళ్లు తీర్పిచ్చారు. రాష్ట్రానికి బ్రిటన్ పెద్దయెత్తున సాయం చేస్తుండటంతో 2002 మార్చిలో ఆ నివేదికను లండన్‌లో పార్లమెంటు భవనంలోనే విడుదల చేశారు. దాంతో పెద్ద దుమారం రేగింది. బ్రిటిష్ సాయ విభాగం అధికారులు అభ్యంతరం చెప్పారు. కరువునేలలో ఏ పంట నిలుస్తుందో, ఏది అప్పుల్లో ముంచుతుందో అనుభవంతో తెలిసినవాళ్లు చెప్పిన తీర్పు అది. ఫ్రాన్స్ ఈ పనికి పూనుకోవడానికి పద్దెనిమిదేళ్ల ముందు మాట.

ఫ్రాన్స్‌లో కుండ స్థానంలో టెలిఫోన్ ఉంది. కంప్యూటర్ చేత రెండున్నర లక్షలకు పైగా నంబర్లు పుట్టించి ఫోన్లు చేశారు. వాటిలో నూటికి ఎనభై ఐదు సెల్‌ఫోన్లే. ఒప్పుకున్నవాళ్లలోంచి ఆడ, మగ, వయసు, చదువు, వృత్తి, ప్రాంతం, పల్లె, పట్నం చూసి దేశానికి నకలుగా ఉండేలా 150 మందిని తీసుకున్నారు. పదహారేళ్లు దాటితే చాలు. సముద్రాల అవతలి ఫ్రెంచి భూభాగాల నుంచి కూడా వచ్చారు. కోర్టు జ్యూరీలో కూర్చునేవాళ్లకు ఇచ్చినట్టే రోజుకు 86 యూరోల భత్యం ఇచ్చి, రైలు, హోటలు ఖర్చులు పెట్టుకున్నారు. పిల్లల్ని చూసుకోవడానికి ఎవరినైనా పెట్టుకుంటే ఆ డబ్బూ ఇచ్చారు. చిన్నవిగా కనిపించే ఈ ఏర్పాట్లే లేకపోతే నర్సు రాదు, కూలి మనిషి రాడు. తీరిక ఉన్నవాళ్లే మిగులుతారు.

2019 అక్టోబర్ 4న, ఈఫిల్ టవర్ నుంచి సెన్ నది దాటితే వచ్చే ఇయేనా భవనంలో సభ మొదలైంది. వాళ్ల ముందు పెట్టిన ప్రశ్న ఒక్కటే. 1990తో పోలిస్తే 2030 నాటికి ఉద్గారాలను కనీసం 40 శాతం తగ్గించాలి, అదీ సామాజిక న్యాయం దెబ్బతినకుండా. ఎలా? మొదటి సమావేశంలోనే శాస్త్రవేత్త వలేరీ మాసోన్ దెల్మోత్ భూమి పరిస్థితిని వాళ్లకు వివరించారు. చెంప ఛెళ్లుమన్నట్టయిందని చాలామంది సభ్యులు తర్వాత చెప్పుకున్నారు. భూతాపం గురించి రోజూ వార్తల్లో వింటున్నవాళ్లే, ఇంత దాకా వచ్చిందని ఎవరూ తమకు కూర్చోబెట్టి చెప్పలేదని వాపోయారు.

ప్రయాణం, ఇల్లు, తిండి, కొనుగోళ్లు, ఉత్పత్తీ పనీ అని ఐదు బృందాలుగా విడిపోయారు. నెలకో వారాంతం చొప్పున కలిశారు. డిసెంబరులో పింఛన్ల సంస్కరణ మీద సమ్మెలు మొదలై రైళ్లు ఆగిపోయినా ఏదో ఒక దారి చూసుకుని పారిస్ చేరారు. కోవిడ్ వచ్చి చివరి సమావేశం ఏప్రిల్ నుంచి జూన్‌కు జరిగింది. ఆ విరామంలోనూ ఊరుకోలేదు, ఆర్థికవ్యవస్థను తిరిగి లేపేటప్పుడు ఈ పనులైనా చేయండని యాభై ప్రతిపాదనలు ప్రభుత్వానికి పంపారు. ఈ సభలో నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఒకటుంది. సభ్యుల పక్కన న్యాయ నిపుణుల సంఘాన్ని కూర్చోబెట్టారు. వాళ్లు మాట్లాడుకున్న ఆలోచనను చట్టం భాషలోకి, ఫలానా కోడ్‌లో ఫలానా నిబంధన మార్పుగా రాసిపెట్టడం ఆ సంఘం పని. అందుకే ఈ సభ చివర్లో ఇచ్చింది కోరికల జాబితా కాదు, చాలావరకు సిద్ధంగా ఉన్న చట్టపు ముసాయిదా.

2020 జూన్ 21న ఓటింగు జరిగింది. 149 ప్రతిపాదనలు నెగ్గాయి. ఒక్కటే ఓడిపోయింది, వారానికి 28 గంటల పని. దాదాపు మూడింట రెండొంతుల మంది వద్దన్నారు. మోటారు దారుల మీద వేగాన్ని గంటకు 130 నుంచి 110 కిలోమీటర్లకు తగ్గించాలన్న ప్రతిపాదన అరవై శాతం ఓట్లతో గట్టెక్కింది. ఇళ్లన్నిటినీ 2040కల్లా వేడి బయటికి పోకుండా బాగుచేయించడం తప్పనిసరి కావాలన్నారు. 1,400 కిలోలు దాటిన కార్ల మీద అదనపు పన్ను, నాలుగు గంటల్లోపు రైల్లో పోగలిగిన చోటికి విమానాలు బంద్, బాగా కాలుష్యం చేసే సరుకుల ప్రకటనలకు అడ్డుకట్ట, ప్రకృతి విధ్వంసాన్ని నేరంగా చూడటం. కర్బన పన్ను జోలికి మాత్రం పోలేదు. పసుపు చొక్కాలు ఎందుకు రోడ్డెక్కాయో వాళ్లకు బాగా తెలుసు. ఎన్నికైన ప్రతినిధులు జనం ఒప్పుకోరని భయపడి మాటైనా ఎత్తని పనులను ఆ జనంలోంచే వచ్చిన 150 మంది తొమ్మిది నెలల్లో ముందుకు తెచ్చారు. దీనికి చారిత్రక ప్రాముఖ్యం ఉందని నా నమ్మకం. జనానికి సమాచారమూ సమయమూ గౌరవమూ ఇస్తే కష్టమైన నిర్ణయాలకు వెనకాడరని ఇంత స్పష్టంగా చూపించిన సందర్భాలు అరుదు.

ఇక మక్రాన్ ఇచ్చిన మాట సంగతి. జూన్ 29న అధ్యక్ష భవనం తోటలో మక్రాన్ వాళ్లందరినీ కలిసి 146 ప్రతిపాదనలు ఒప్పుకుంటున్నానన్నారు. మూడింటిని పక్కన పెట్టారు: 110 కిలోమీటర్ల వేగం, కంపెనీల డివిడెండ్ల మీద నాలుగు శాతం పన్ను, రాజ్యాంగ ప్రవేశికలో మార్పు. ఆ రోజు చప్పట్లు గట్టిగానే మోగాయి. తర్వాత మంత్రిత్వ శాఖల్లో, పరిశ్రమల ఒత్తిడి మధ్య మిగతావి ఒక్కొక్కటే కరగడం మొదలైంది. 1,400 కిలోల హద్దు 1,800 కిలోలైంది. ఆ బరువు దాటే కార్లు రోడ్ల మీద కొద్దిగానే ఉంటాయి. నాలుగు గంటల రైలు ప్రయాణం రెండున్నర గంటలకు తగ్గింది. ఆ నిబంధన 2023 మేలో అమల్లోకి వచ్చేసరికి పారిస్ ఓర్లీ నుంచి బోర్డో, నాంత్, లియోన్ మార్గాలకే వర్తించింది. కోవిడ్ కాలంలో ప్రభుత్వ సాయానికి షరతుగా ఎయిర్ ఫ్రాన్స్ ఆ సర్వీసులను అంతకుముందే ఆపేసింది. ఇళ్ల మరమ్మతు తప్పనిసరి కాలేదు. అన్నిటికంటే అధ్వాన్నంగా వేడిని వదిలే ఇళ్లను 2025 నుంచి దశలవారీగా అద్దెకివ్వకూడదన్న నియమం వచ్చింది, అది మాత్రం పనికొచ్చేదే. ఇది వడపోత కాదా అని సభ్యులు నిలదీశారు. 150 మంది ఏదో రాసినంత మాత్రాన అదేమీ బైబిలో ఖురానో అయిపోదని మక్రాన్ 2020 డిసెంబరులో ఒక ఇంటర్వ్యూలో అన్నారు. ఆ మాట వాళ్లను బాగా నొప్పించింది. తమది దైవవాక్కని వాళ్లెప్పుడూ అనలేదు. ఇచ్చిన మాట నిలబెట్టుకోమన్నారంతే.

2021 ఫిబ్రవరి నెలాఖరులో ఆ సభ ఆఖరిసారి కూడి, ప్రభుత్వానికి మార్కులు వేసింది. తమ ప్రతిపాదనలను పట్టించుకున్న తీరుకు పదికి 3.3. లక్ష్యానికి ప్రభుత్వ నిర్ణయాలు ఎంత దగ్గర చేరుస్తాయన్నదానికి 2.5. రాజ్యాంగం ఒకటో అధికరణంలో వాతావరణాన్ని చేర్చడానికి ప్రజాభిప్రాయ సేకరణ పెడతామన్న హామీ కూడా పార్లమెంటు రెండు సభల మధ్య నలిగి అదే ఏడాది జులైలో ఆగిపోయింది. ప్రతిపాదనల్లో మిగిలినవాటితో చేసిన ‘వాతావరణ, స్థితిస్థాపక’ చట్టం ఆగస్టు 22న వెలువడింది. ఆ లోపే కోర్టులు కూడా రంగంలోకి దిగాయి. సముద్రమట్టం పెరిగితే మునిగే ప్రమాదమున్న గ్రాండ్ సాంత్ అనే తీరపు ఊరు వేసిన కేసులో, 2030 లక్ష్యం చేరడానికి తగిన చర్యలు తొమ్మిది నెలల్లో తీసుకోవాలని దేశపు అత్యున్నత పాలనా న్యాయస్థానం జులై 1న ప్రభుత్వాన్ని ఆదేశించింది.

నూటయాభై మంది ఒకచోట మాత్రం తడబడ్డారనిపిస్తుంది. రాజ్యాంగ సవరణ, ప్రకృతి విధ్వంసపు నేరం తప్ప మిగతా ప్రతిపాదనలను ప్రజాభిప్రాయ సేకరణకు పంపొద్దని వాళ్లే ఓటేశారు. పార్లమెంటును నమ్మారు. ఆ పార్లమెంటు దిగువ సభలో మెజారిటీ అధ్యక్షుడిదే. కలవమన్నది ఆయన, ప్రశ్న నిర్ణయించింది ఆయన ప్రభుత్వం, జవాబులో ఏది ఉంచాలో ఏది తీసేయాలో చెప్పిందీ ఆయనే. సభకు ఆలోచించే స్వేచ్ఛ దొరికింది గానీ, ఆ ఆలోచనకు ప్రభుత్వం లెక్క చెప్పి తీరాలన్న నియమం ఎక్కడా లేదు. రౌండబౌట్ల మీద జనం అడిగిన సంస్కరణ అదే. ఇవ్వనిదీ అదే.

చీటీల పద్ధతి మాత్రం ఫ్రాన్స్‌లో నిలిచింది. ఇయేనా భవనంలో ఉండే ఆర్థిక, సామాజిక, పర్యావరణ మండలికి పౌరులను చీటీ ద్వారా పిలుచుకునే అధికారం ఇస్తూ 2021 జనవరిలో చట్టం వచ్చింది. 2022 డిసెంబరు నుంచి 184 మంది పౌరులు నెలల తరబడి అక్కడే కూర్చుని, కోలుకోలేని జబ్బుతో ఉన్న మనిషికి తన చావును ఎంచుకునే హక్కు ఉండాలా అని చర్చించారు. వాతావరణ సభ సభ్యుల్లో కొందరు తిరిగి తమ ఊళ్లకు వెళ్లి పురపాలక రాజకీయాల్లోకి దిగారు.

పక్కనే సముద్రం అవతల ఐర్లాండ్ ఇదే పనిని ఇంకో పద్ధతిలో చేసింది. 2016లో కూడిన 99 మంది పౌరుల సభకు ఒక న్యాయమూర్తిని అధ్యక్షురాలిగా పెట్టి, ఆ సభ సిఫార్సులకు పార్లమెంటులో జవాబు చెప్పాల్సిన బాధ్యతను ప్రభుత్వం మీద పెట్టారు. గర్భస్రావ నిషేధాన్ని ఎత్తేయాలని సిఫార్సు చేసిన సభా అదే, వాతావరణం మీద 13 సిఫార్సులు చేసిన సభా అదే. వచ్చే భాగం డబ్లిన్‌లో మొదలవుతుంది.

(సశేషం)